కేర్ వర్కర్లకి ట్రైనింగ్: ఆన్‌లైన్ కోర్సా, వర్క్‌షాపా, పక్కనుండి నేర్పించడమా?

మేధో వైకల్యం ఉన్నవాళ్ళుండే హోమ్ నడిపేవాళ్ళు గానీ, డే సెంటర్ వాళ్ళు గానీ, ఇంట్లోనే తమ్ముడికో కూతురికో ఒక కేర్ వర్కర్‌ని పెట్టుకున్నవాళ్ళు గానీ, ట్రైనింగ్ మాట వచ్చేసరికి అడిగేవి మూడే: ఎన్ని గంటలు, ఎంత అవుతుంది, సర్టిఫికెట్ ఇస్తారా. నేనూ కొన్నేళ్ళ పాటు ఇవే అడిగా, ఇవే చూసి కొన్నా, కొని సర్టిఫికెట్లన్నీ ఆఫీసు గోడకి వరసగా తగిలించా. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ఏ ట్రైనింగ్ మంచిదండీ అంటే నేను తిరిగి అడిగేది ఒక్కటే, ఆ ట్రైనింగ్ అయ్యాక మీ వర్కర్ నిజంగా మనిషి దగ్గర పని చేస్తుంటే పక్కన నిలబడి చూసి, ఇది బాగా చేశావు ఇది ఇలా మార్చు అని చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఉంటే మామూలు కోర్సు కూడా పనికొస్తుంది, లేకపోతే ఎంత పెద్ద కోర్సైనా నెల తిరిగేసరికి గాల్లో కలిసిపోతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే చెప్తున్నా, కాబట్టి నేను ఎటువైపు మొగ్గుతానో మీకు ముందే తెలిసిపోయినట్టే.

కోర్సులు వెతికే ముందు ఒక కాగితం తీసుకుని మీ దగ్గర ఉన్న మనుషులు ఎవరో రాయండి. మేధో వైకల్యం అంటే నేర్చుకోవడంలోనూ, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలోనూ ఇబ్బంది చిన్నప్పటినుంచీ ఉండటం, ఐక్యూ 70 దగ్గర కంటే తక్కువ అనేది అందులో ఒక గుర్తు మాత్రమే. వీళ్ళలో ఎక్కువమందిది తేలికపాటి స్థాయి, మాట్లాడతారు, పనికెళ్తారు, ప్రేమలో పడతారు, డబ్బులు ఎలా ఖర్చుపెట్టాలో సాయం కావాలి అంతే. ఇంకొకరికి మాటే ఉండదు, తినడానికీ ఒత్తిగిలడానికీ కూడా మనిషి కావాలి. ఈ ఇద్దరికీ ఒకే ట్రైనింగ్ అని అమ్మేవాళ్ళున్నారు. మొదటి మనిషి దగ్గర పనిచేసే వర్కర్ నేర్చుకోవాల్సింది ఎప్పుడు చెయ్యి వెయ్యకుండా ఆగాలో, రెండో మనిషి దగ్గర నేర్చుకోవాల్సింది ఆ మనిషి ముఖం చూసి నొప్పి ఎలా కనిపెట్టాలో. కాగితం మీద పేర్లు, పక్కన ఎవరికి ఏం కావాలి, ఎవరికి ఫిట్స్ ఉన్నాయి, ఎవరికి పొలమారుతుంది, ఇవి రాసుకుంటే సగం కోర్సులు వాటంతటవే లిస్టులోంచి జారిపోతాయి.

ఆన్‌లైన్ మాడ్యూల్స్

చవక, నైట్ షిఫ్ట్ వాళ్ళు కూడా వాళ్ళకి వీలైనప్పుడు చేసుకోవచ్చు, కొత్తగా చేరిన మనిషి మొదటి రోజే మొదలుపెట్టొచ్చు, ఎవరు పూర్తి చేశారో రికార్డు ఉంటుంది. హక్కుల గురించి, ఫిర్యాదు ఎలా చెయ్యాలి, వేధింపు కనపడితే ఎవరికి చెప్పాలి, మందుల రికార్డు ఎలా రాయాలి, ఇలాంటి తెలుసుకోవాల్సిన విషయాలకి నిజంగానే బాగుంటాయి, వాటికోసం ఒక మనిషిని పిలిపించి రోజంతా క్లాసు చెప్పించడం దండగ కూడా. కానీ తెలుసుకోవడం వేరు, చేతులు చెయ్యడం వేరు. మా దగ్గర ఒకమ్మాయి తినిపించడం మీద మాడ్యూల్ చేసింది, క్విజ్‌లో నూటికి 96 వచ్చింది, మూడో రోజు నేను అటుగా వెళ్తూ చూస్తే నిలబడి పైనుంచి స్పూన్ పెడుతోంది, ఆ పెద్దాయన తల పైకెత్తి నోరు తెరుస్తున్నాడు. తల అలా వెనక్కి పోతే ముద్ద గాలి గొట్టంలోకి పోయే ప్రమాదం ఎక్కువ అని ఆమె క్విజ్‌లో సరిగ్గానే టిక్ పెట్టింది! అడిగితే నాకే చెప్పింది, అవును మేడమ్ కూర్చుని కళ్ళ ఎత్తులో ఉండి పెట్టాలి అని, చెప్తూ కూడా నిలబడే ఉంది పాపం. తప్పు ఆమెది కాదు, మొదటి రోజు ఎవరూ ఒక కుర్చీ జరిపి ఇక్కడ కూర్చో అనలేదు, అనాల్సింది నేనే.

కొనేటట్టయితే రెండు మూడు చూసుకోండి. వీడియోల్లో నిజం మనుషులు ఉన్నారా లేక కార్టూన్ బొమ్మలా, పెద్దవాళ్ళని పెద్దవాళ్ళలా చూపిస్తున్నారా లేక నలభై ఏళ్ళ మనిషిని బాబు బాబు అంటున్నారా, క్విజ్ ఎన్నిసార్లైనా మళ్ళీ రాయొచ్చా. ఎన్నిసార్లైనా రాయొచ్చు అంటే అది పరీక్ష కాదు, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కడమే.

ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్

దీని బలం వేరు. పదిమంది వర్కర్లు ఒకచోట కూర్చుని, మా దగ్గర ఒకాయన స్నానానికి రానంటాడు, మేం ఏం చేస్తున్నామంటే, అని మాట్లాడుకుంటే బయటికి వచ్చే విషయాలు ఏ మాడ్యూల్‌లోనూ రావు. ఆలోచనా ధోరణి మారాలంటే, అంటే జాలి నుంచి గౌరవానికి, మనమే చేసిపెట్టడం నుంచి వాళ్ళతో చేయించడానికి రావాలంటే, ఇలాంటి మాటామంతీ కావాలి. మంచి ట్రైనర్ దొరికితే ఆ రెండు రోజులు స్టాఫ్ ముఖాలు వెలిగిపోతాయి.

ఆ వెలుగు చూసే మనం మోసపోయేది. డోనల్డ్ కర్క్‌పాట్రిక్ అని ఒకాయన 1959లోనే ట్రైనింగ్‌ని నాలుగు మెట్లమీద కొలవాలన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, దానివల్ల ఫలితం వచ్చిందా. వర్క్‌షాప్ అయ్యాక పంచే ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి మెట్టు మాత్రమే కొలుస్తుంది, భోజనం బాగుంటే మార్కులు ఇంకో రెండు ఎక్కువ పడతాయి కూడా. ట్రైనర్లు వాళ్ళ స్లైడ్స్‌లో మర్చిపోయే గ్రాఫ్ ఒకటి తప్పకుండా చూపిస్తారు, ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లో వేసిందని, ఒక్క రోజులో ఇంత మర్చిపోతాం అని. ఆయన అది తన ఒక్కడి మీద, అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి చేశాడు, మనుషుల్ని చూసుకునే పనికి ఆ అంకెలు అలాగే అతికించెయ్యకూడదు. కానీ వాడకపోతే పోతుంది అనే మాట మాత్రం ఎవరికైనా తెలిసిందే కదా.

వర్క్‌షాప్ కొనే ముందు ట్రైనర్‌ని అడగండి, మొత్తం టైములో స్టాఫ్ లేచి నిలబడి చేసేది ఎంతసేపు అని. సగం కంటే తక్కువ చెప్తే అది ఉపన్యాసం. ఇంకోటి, అందరు స్టాఫ్‌నీ ఒకే రోజు పంపలేం, ఇంట్లో మనుషుల్ని ఎవరు చూస్తారు, కాబట్టి రెండు బ్యాచులు చెయ్యాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. చాలామంది ఇద్దరిని పంపి వాళ్ళు వచ్చి మిగతావాళ్ళకి చెప్తారులే అనుకుంటారు. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళకి వెళ్ళేసరికి పలచబడుతుంది, మూడో మనిషి దగ్గరికి నీళ్ళే మిగుల్తాయి.

సీనియర్ వెంట తిప్పడం

అందరూ వాడేది ఇదే, ఎందుకంటే ఖర్చు లేనట్టు కనపడుతుంది. కొత్తమ్మాయిని పాతావిడ వెంట వారం తిప్పు, చూసి నేర్చుకుంటుంది. నేర్చుకుంటుంది, డౌట్ లేదు, మంచీ చెడూ రెండూ. ఎవరికి ఏ కప్పు ఇష్టం, ఎవరు చీకటంటే భయపడతారు, ఏ పాట పెడితే ఎవరు శాంతిస్తారు, ఇవి ఏ కోర్సూ నేర్పదు, పాతావిడే నేర్పాలి. అలాగే టైము లేదని ఇద్దరిని ఒకేసారి బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళడం, మాట వినకపోతే టీవీ కట్ చేస్తా అని బెదిరించడం, మనిషి ఎదురుగానే ఆయన ఎన్నిసార్లు పక్క తడిపాడో మాట్లాడుకోవడం, ఇవి కూడా పాతావిడే నేర్పుతుంది.

దీన్ని వాడొద్దు అనను. ఎవరి వెంట తిప్పుతున్నారో మీరు ఎంచుకోండి, సర్వీసు ఎక్కువున్న మనిషి కాదు, మీ దగ్గర ఉండేవాళ్ళు ఎవరిని చూస్తే దగ్గరికి వస్తారో ఆ మనిషి. చూడాల్సినవి, చెయ్యాల్సినవి ఒక లిస్టు చేతికివ్వండి, మొదట చూడటం, తర్వాత కలిసి చెయ్యడం, తర్వాత కొత్తమ్మాయి చేస్తుంటే పాతావిడ చూడటం. ఈ మూడో భాగమే ఎప్పుడూ ఎగిరిపోతుంది, షిఫ్ట్‌లో మనిషి తక్కువవ్వగానే ఇద్దరినీ చెరో పనికి పంపేస్తారు. ఆ వారం రోజులు కొత్త మనిషిని షిఫ్ట్ లెక్కలోకి తీసుకోకూడదు, ఇది మీరు చెయ్యలేకపోతే ఇది ట్రైనింగ్ కాదు, ఊరికే పనిలోకి తోసెయ్యడం.

పక్కనుండి నేర్పించడం

నా డబ్బులు నేను పెట్టేది ఇక్కడ. ప్రవర్తన (బిహేవియర్) మీద పనిచేసే నిపుణులు దీన్ని బిహేవియరల్ స్కిల్స్ ట్రైనింగ్ అంటారు, నాలుగు పనులు: ఏం చెయ్యాలో ఎందుకో చెప్పడం, చేసి చూపించడం, వాళ్ళచేత చేయించడం, చేశాక చెప్పడం. చేయించి చెప్పడం అనే చివరి రెండూ వచ్చేదాకా తిప్పితిప్పి చేస్తారు, గంటలు అయిపోయాయని ఆపరు. తేడా మొత్తం అక్కడే ఉంది. మిగతా కోర్సులు టైము అయిపోతే అయిపోతాయి, ఇది పని వస్తేనే అయిపోతుంది.

ఇదే దారిలో యాక్టివ్ సపోర్ట్ అని ఉంది, 1980ల్లో బ్రిటన్‌లో పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోంచి మనుషుల్ని మామూలు ఇళ్ళలోకి తెచ్చినప్పుడు పుట్టింది, జిమ్ మాన్సెల్ లాంటి పరిశోధకులు దాన్ని తీర్చిదిద్దారు. వాళ్ళు గమనించింది ఏంటంటే ఇల్లు మారింది, పరుపు మారింది, మనిషి మాత్రం రోజంతా ఊరికే కూర్చునే ఉన్నాడు, ఎందుకంటే పనంతా స్టాఫే చేసేస్తున్నారు. అందుకని స్టాఫ్‌కి సాయం కొలతేసి ఇవ్వడం నేర్పారు. ముందు అడగడం, చాలకపోతే ఏం చెయ్యాలో చెప్పడం, ఇంకా చాలకపోతే సైగ చెయ్యడం, తర్వాత చేసి చూపించడం, ఆఖరికి చెయ్యి పట్టుకుని చేయించడం. ఉతికిన బట్టలు మడతపెట్టడమే తీసుకోండి, ఒకాయన మొత్తం మడతపెట్టలేడు, కానీ మనం ఒక కొస పట్టుకుంటే రెండో కొస పట్టుకుంటాడు, అదీ ఆయన పనే. వినడానికి సులువు, చెయ్యడం మహా కష్టం, ఎందుకంటే మనం అయితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఆయనతో పావుగంట, ఆ పావుగంట చేతులు కట్టుకుని ఆగడం స్టాఫ్‌కి ఒంట్లో ముళ్ళు గుచ్చినట్టుంటుంది. క్లాసులో దీన్ని ఎంత చెప్పినా రాదు. అందుకే ఈ పద్ధతిలో క్లాసు ఒక భాగమైతే, ట్రైనర్ ఒక్కో వర్కర్‌తో ఆ ఇంట్లోనే, ఆ మనుషులతోనే పనిచేయించి అక్కడికక్కడే చెప్పడం రెండో భాగం. ఈ రెండో భాగం ఖరీదు ఎక్కువని కోసేసి క్లాసు ఒక్కటే ఉంచిన చోట్ల ఫలితం బాగా తగ్గిపోయింది. యాక్టివ్ సపోర్ట్ ట్రైనింగ్ ఇస్తాం అని ఎవరన్నా అంటే, రెండో భాగం ఉందా అని అడగండి, ఆన్‌లైన్‌లో ఇస్తాం అంటే నవ్వేసి ఫోన్ పెట్టెయ్యండి.

దీని కష్టాలు కూడా చెప్పాలి. ఒక్కొక్కరితో చెయ్యాలి కాబట్టి టైము పడుతుంది. బయట ట్రైనర్ ఎల్లకాలం ఉండడు, ఆయన వెళ్ళాక మీ సూపర్‌వైజరే చెయ్యాలి, మరి సూపర్‌వైజర్ రోజంతా ఆఫీసులో రిజిస్టర్లు నింపుతుంటే ఎవరు చూస్తారు. నేను చేసిన పెద్ద తప్పు ఇదే, స్టాఫ్ అందరికీ ట్రైనింగ్ ఇప్పించి సూపర్‌వైజర్‌ని వదిలేశా, ఆవిడేమో ట్రైనింగ్‌లో చెప్పినట్టు నెమ్మదిగా చేస్తున్న అమ్మాయిని, ఏంటి ఇంకా అవ్వలేదా అని గదమాయించేది. రెండు వారాల్లో అందరూ పాత దారికి వచ్చేశారు. డబ్బు ఒక్కరికే సరిపోతే వర్కర్‌కి కాదు, ముందు సూపర్‌వైజర్‌కి ట్రైనింగ్ ఇప్పించండి, ఇది వింతగా అనిపిస్తుంది కానీ మళ్ళీ చెప్తున్నా, ముందు సూపర్‌వైజర్‌కి. ఇంకో ఇబ్బంది, పక్కన నిలబడి చూస్తుంటే స్టాఫ్‌కి పోలీసు చూస్తున్నట్టు ఉంటుంది, అందుకే మొదటి రెండుసార్లు బాగా చేసినవే చెప్పాలి, తప్పులు పక్కకి తీసుకెళ్ళి చెప్పాలి, మనుషుల ముందు కాదు.

వైకల్యం ఉన్నవాళ్ళే నేర్పితే

ఇది చాలామంది లిస్టులో ఉండదు. ఇంగ్లండ్‌లో ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు 2016లో ఆసుపత్రిలో చనిపోయాడు, ఆటిజం, ఫిట్స్, తేలికపాటి మేధో వైకల్యం ఉండేవి, ఆ రకం మందులు తనకి పడవు అని అతనూ ఇంట్లోవాళ్ళూ చెప్పినా యాంటీసైకోటిక్, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే మందు, ఇచ్చారు. వాళ్ళమ్మ చేసిన పోరాటం వల్ల అక్కడ అతని పేరుతోనే ట్రైనింగ్ తయారైంది, 2022 చట్టంతో వైద్యం, కేర్ రంగాల సిబ్బందికి మేధో వైకల్యం, ఆటిజం మీద ట్రైనింగ్ తప్పనిసరి చేశారు. ఆ ట్రైనింగ్‌లో నాకు నచ్చింది ఏంటంటే దాన్ని ఇచ్చేవాళ్ళలో మేధో వైకల్యం ఉన్నవాళ్ళూ ఆటిజం ఉన్నవాళ్ళూ ఉండి తీరాలి.

మా దగ్గర ఒకసారి ఇలా చేశాం, ఒకావిడ స్టాఫ్ ముందు నిలబడి ఒకే మాట చెప్పింది, మీరు తలుపు కొట్టి నేను రమ్మనేలోపే వచ్చేస్తారు, మరి ఎందుకు కొడుతున్నారు అని. ప్రైవసీ మీద నేను పెట్టించిన రెండు గంటల క్లాసు ఆ మాట ముందు తేలిపోయింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం వచ్చింది 2006లో, గౌరవం సొంత నిర్ణయం అని అందులో ఉన్నవి మనం స్లైడ్స్ మీద చూపిస్తూనే ఉంటాం, ఆవిడ అది తలుపు దగ్గర చూపించింది. అయితే దీన్ని తమాషాకి వాడకండి. పిలిచి రెండు మాటలు చెప్పించి చప్పట్లు కొట్టించి పంపెయ్యడం కాదు, మిగతా ట్రైనర్‌కి ఎంత ఇస్తారో అంత ఇవ్వాలి, ఏం చెప్పాలో వాళ్ళే నిర్ణయించుకోవాలి, ప్రిపేర్ అవ్వడానికి సాయం కావాలంటే చెయ్యాలి. చేతుల పని మాత్రం దీంతో ఒక్కదాంతో రాదు, ఎత్తడం దించడం, మందులు, తినిపించడం విడిగా నేర్పాల్సిందే.

డిప్లొమాలు, ఏడాది సర్టిఫికెట్ కోర్సుల గురించి ఎక్కువ చెప్పను. ఈ పనిలోనే ఉండిపోవాలనుకునే అమ్మాయికో అబ్బాయికో, రేపు సూపర్‌వైజర్ అవుతారు అనుకున్నవాళ్ళకి పెట్టండి. నిన్న చేరినవాళ్ళకి కాదు. ఈ రంగంలో మనుషులు నిలవరు, అమెరికాలో సర్వేల్లో ఏడాదికి 40 శాతం అటూఇటూ మానేస్తున్నట్టు వస్తోంది, మీరు ఏడాది చదివించిన మనిషి పక్క సంస్థలో చేరితే బాధ పడకుండా ఉండగలరా అని ముందే అడిగేసుకోండి. ప్రాక్టికల్ ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరు చూస్తారు అనేది మాత్రం ఇక్కడ కూడా అడగాలి.

బిహేవియర్ ట్రైనింగ్ కొనేటప్పుడు జాగ్రత్త

కొట్టడం, గిల్లడం, తల గోడకేసి బాదుకోవడం ఉన్నచోట స్టాఫ్ మొదట అడిగేది ఎలా పట్టుకోవాలో నేర్పించండి అని. అమ్మేవాళ్ళూ రెడీగా ఉంటారు, ఒక్కరోజు కోర్సు, పది రకాల పట్లు. 2011లో ఇంగ్లండ్‌లో వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేట్ ఆసుపత్రిలో జరిగింది బీబీసీ రహస్య కెమెరాతో బయటపెట్టింది, స్టాఫ్ మనుషుల్ని నేలకేసి అదుముతూ హింసించారు, 11 మందికి శిక్షలు పడ్డాయి, ఆరుగురు జైలుకెళ్ళారు. పట్టుకోవడం ఒక్కటే తెలిసిన చోట ప్రతి గొడవకీ పట్టుకోవడమే సమాధానం అయిపోతుంది. బోర్లా పడేసి అదమడం వల్ల ఊపిరాడక మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి, ఆ పట్టు నేర్పే కోర్సు ఎంత పేరున్నదైనా వద్దు.

దానికి బదులు పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ నేర్పేవాళ్ళని చూడండి, అంటే ఆ పని ఎందుకు చేస్తున్నాడు అని వెతకడం. బ్రయాన్ ఇవాటా అనే అమెరికన్ పరిశోధకుడి బృందం 1982లో తనని తాను గాయపరుచుకోవడం మీద చేసిన పని నుంచి ఇది గట్టిపడింది, మామూలుగా వెతికే కారణాలు నాలుగు: మనిషి దృష్టి కోసం, ఏదో పని తప్పించుకోవడానికి, కావాల్సిన వస్తువు కోసం, ఆ కదలికే ఒంటికి హాయిగా ఉండి. నేను వీటన్నిటికంటే ముందు ఇంకోటి పెడతా, నొప్పి. మాటలేని మనిషి ఒక్కసారిగా చెంప కొట్టుకోవడం మొదలుపెడితే పన్ను చూడండి, చెవి చూడండి, ఎన్ని రోజులైంది విరేచనం అయ్యి అని చార్టు చూడండి. వాళ్ళంతే, వైకల్యం కదా, అని జబ్బుని వైకల్యం ఖాతాలో రాసెయ్యడం డాక్టర్లు కూడా చేస్తారు, డయాగ్నోస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అని దీనికి 1982లోనే పేరు పెట్టారు. ముందు నొప్పీ జబ్బూ వెతకాలనే మాట ఒక్కసారి కూడా రాని బిహేవియర్ కోర్సు కొనొద్దు.

ఏ కోర్సు కొన్నా విడిగా నేర్పాల్సినవి

కొన్నిటికి మామూలు ట్రైనర్ చాలడు, ఆ మనిషికి ఆ నిపుణులే వచ్చి ఆ స్టాఫ్‌కి చూపించాలి. మింగడం ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్ట్ రావాలి, ఏం ఎంత మెత్తగా ఉండాలో చెప్పడానికి ఐడీడీఎస్ఐ అని అంతర్జాతీయ స్కేలు ఉంది, 0 నుంచి 7 వరకు, 0 మామూలు నీళ్ళు, 7 మామూలు తిండి. ఇందులో నాకు ఇష్టమైంది ఏంటంటే ఫోర్కుతో, సిరంజితో వంటగదిలోనే చెక్ చేసుకోవచ్చు, ఐదో లెవెల్ అంటే పెద్దవాళ్ళకి ముక్క 4 మిల్లీమీటర్లు, ఫోర్కు పళ్ళ మధ్య సందు దాదాపు అంతే ఉంటుంది. కాస్త మెత్తగా చెయ్యి అని చెప్తే ఒక్కో షిఫ్ట్‌లో ఒక్కో మెత్తదనం వస్తుంది, ఫోర్కు పెట్టి చూపిస్తే అందరిదీ ఒకటే అవుతుంది.

ఫిట్స్ అంతే. మేధో వైకల్యం ఉన్నవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఉంటాయి, బయట జనాల్లో వందలో ఒకరికి. టైము చూడటం, పక్కకి తిప్పడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, 5 నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ, ఇవి పేపర్ మీద అందరికీ వచ్చు. రాత్రి రెండింటికి ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ ఎక్కడుందో గుర్తొస్తుందా అనేదే ప్రశ్న, అందుకే ఇది ఒక బొమ్మ దిండుతో నిజంగా చేయించాలి, నైట్ స్టాఫ్‌తో నైటే చేయించాలి. ఫిట్స్ ఆపే మందు ఇవ్వాల్సిన మనిషి ఉంటే నర్సు వచ్చి నేర్పి, చేయించి చూసి, సంతకం పెట్టాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు మీ ఇంట్లో నలభై దాటుతుంటే అల్జీమర్స్ గురించి కూడా స్టాఫ్‌కి చెప్పించండి, వాళ్ళకి అది మిగతావాళ్ళకంటే చాలా ముందే వస్తుంది, మొన్నటిదాకా చేసుకున్న పని ఇవాళ చెయ్యట్లేదంటే మొండితనం అని తిట్టడం మొదలవుతుంది లేకపోతే. థైరాయిడ్ కూడా చూపించాలి, అది తక్కువైనా ఇలాగే మందకొడిగా కనపడతారు.

మీ పరిస్థితికి ఏది

ఇంట్లో ఒక్క మనిషికి ఒక్క వర్కర్ అయితే వర్క్‌షాప్‌కి పంపకండి, మీరే పక్కనుండి వారం రోజులు, చెప్పడం, చేసి చూపించడం, చేయించడం, చేశాక చెప్పడం అనే ఆ నాలుగు పనుల పద్ధతిలో నేర్పండి, మీకంటే ఆ మనిషి గురించి తెలిసిన ట్రైనర్ లేడు. హక్కులూ ప్రథమ చికిత్సా మాత్రం ఆన్‌లైన్‌లో చేయించండి. ఒక్కటి గుర్తుంచుకోండి, మీకు అలవాటైపోయిన తప్పులు కూడా అందులో కలిసి వెళ్తాయి, కాబట్టి ఏడాదికోసారైనా థెరపిస్ట్‌నో స్పెషల్ ఎడ్యుకేటర్‌నో పిలిచి మీ ఇద్దర్నీ చూడమనండి.

ఆరేడుగురు స్టాఫ్ ఉన్న ఇల్లైతే, ఆన్‌లైన్ బేసిక్స్, సూపర్‌వైజర్‌కి కోచింగ్ ఎలా ఇవ్వాలో ట్రైనింగ్, తర్వాత ఆవిడ వారానికి ఒక్కొక్కరిని ఇరవై నిమిషాలు చూడటం. ఇంతే, వర్క్‌షాప్ డబ్బులు మిగిలితే అప్పుడు. చాలా సెంటర్లు ఉండి నెలనెలా కొత్తవాళ్ళు చేరుతుంటే బయట ట్రైనర్‌ని ప్రతిసారీ పిలవలేరు, ఒక మనిషిని పూర్తిగా ఇదే పనికి పెట్టుకోండి, అతను సెంటర్లన్నీ తిరగాలి, ఆఫీసులో కూర్చోకూడదు. పదేళ్ళ అనుభవం ఉండి మాకన్నీ తెలుసు అనే స్టాఫ్‌తో ఏం చెయ్యాలి అంటారా, వాళ్ళకి క్లాసు చెప్పకండి, అవమానంగా ఉంటుంది. వాళ్ళని ఒక గంట ఏ పనీ చెయ్యకుండా మూల కూర్చోబెట్టి, అక్కడ ఉండేవాళ్ళతో స్టాఫ్ ఎవరన్నా ఎన్నిసార్లు మాట్లాడారో, ఎన్నిసార్లు వాళ్ళని ఏం కావాలని అడిగారో గీతలు గియ్యమనండి. నేను ఇది చేయించినప్పుడు ఒక సీనియర్ కాగితం మీద గంటలో నాలుగే గీతలున్నాయి, అందులో మూడు లేవండి, పదండి, తొందరగా. ఆ రోజు సాయంత్రం ఆవిడే వచ్చి అడిగింది ఆ ట్రైనింగ్ ఎప్పుడు మేడమ్ అని.

ట్రైనర్‌ని ఖాయం చేసే ముందు ఒకసారి మీ దగ్గరికి రమ్మనండి, డబ్బులిచ్చి అయినా సరే. రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చి స్టాఫ్ పని చేస్తుంటే చూస్తారా, ఆ రాకడ ఇదే ఫీజులో ఉందా అని అడిగి రాతలో తీసుకోండి. రానంటే బేరం ఆడి రేటు తగ్గించడం కాదు, ఒక రోజు క్లాసు తగ్గించి ఆ రోజుని రెండు నెలల తర్వాతకి మార్చమనండి, చాలామంది ఒప్పుకుంటారు. వచ్చే రోజు ఏదో మీకు తెలిస్తే చాలు, స్టాఫ్‌కి చెప్పక్కర్లేదు. అయితే ఇంట్లో ఉన్నవాళ్ళకి మాత్రం ముందురోజు చెప్పండి, రేపు ఒకాయన వస్తారు, మేం పని ఎలా చేస్తున్నామో చూస్తారు, మీ గదిలోకి రావొచ్చా అని. ఒద్దంటే ఆ గది వదిలేసి మిగతావి చూస్తారు.